గిన్నె అడుగున ఇంటిపేరు

నమస్కారం. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మా చిన్న ఊరి నుంచి చేస్తున్న ఈ వారం వీడియోలో షాపింగు లేదు, వంట లేదు. మీకు కనిపిస్తున్నది మా ఊరి లూథరన్ చర్చి కింది అంతస్తులో ఉన్న వంటగది. మా పక్క పొలం పెద్దావిడ అంత్యక్రియలు ముగిశాక నిన్న ఇక్కడే భోజనాలు పెట్టారు. 90 ఏళ్లు దాటిన ఆ రైతు మహిళకు కెమెరా అంటే గిట్టేది కాదు కాబట్టి ఆమె పేరు చెప్పను. మా ఇంట్లో మాత్రం మామ్మగారనే అనేవాళ్లం.

మా రాష్ట్రంలోనే మ్యాడ్రిడ్ అనే ఊరిలో ఉన్న హిందూ దేవాలయానికి కారులో వెళ్లినవారికి మా ఊరి రూపురేఖలు వర్ణించనక్కరలేదు. రోడ్డుకు ఒకవైపు మొక్కజొన్న, మరొకవైపు సోయా, మధ్యలో ఎక్కడో ఒక ఇల్లు ఉంటాయి. మేము ఇక్కడ కాపురం పెట్టింది ఆగస్టు నెలలో. ఒకరోజు ఉదయం తలుపు తీసేసరికి గడప ముందు చేయంత పొడవు జుకినీలు ఐదు ఉన్నాయి. పెరట్లో బీరపాదు విరగకాస్తే మనం వీధంతా పంచిపెట్టినట్టే ఇక్కడివారు జుకినీలను వదిలించుకుంటారని నాకు అప్పటికి తెలియదు. మరుసటి వారం మామ్మగారే స్వయంగా ఒక గాజు గిన్నెలో ఆలుగడ్డల కాసరోల్, అంటే ఓవెన్‌లో పెట్టి వండే వంటకం, తెచ్చారు. గిన్నె కడుగుతూ తిరగేస్తే అడుగున తెల్లని టేపు ముక్క, దాని మీద నల్ల సిరాతో వాళ్ల ఇంటిపేరు కనిపించాయి. చర్చి భోజనాల్లో కలిసిపోయిన గిన్నెలు ఎవరివి వారికి చేరాలని ఇక్కడ అందరూ అలాగే రాసుకుంటారు. మనం స్టీలు సామాను మీద పేరు కొట్టించుకుంటాము కదా, అటువంటిదే. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ నేర్పిన పద్ధతి ప్రకారం పులిహోర పెట్టి ఇచ్చాను. వారం తిరగకుండానే ఆ గిన్నె ఆపిల్ ముక్కలతో మళ్లీ మా ఇంటికి వచ్చింది.

ఆమె చిన్నతనం కిరోసిన్ దీపాల కింద గడిచింది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పే నాటికి ఈ దేశంలో సుమారు పదింట తొమ్మిది వ్యవసాయ కుటుంబాలకు కరెంటు లేదు. రైతులే సహకార సంఘాలుగా ఏర్పడి, అప్పు తెచ్చుకుని, స్తంభాలు పాతించుకున్నారు. పెళ్లయ్యాక ఆమె కోళ్లు పెంచారు, పాలు పితికారు, పొలం జమాఖర్చులు రాశారు. శనివారం పట్నంలో గుడ్లు, మీగడ అమ్మగా వచ్చిన డబ్బుతోనే ఇంటి సరుకులు వచ్చేవట. అయినా చాలాకాలం పాటు, భర్త మరణిస్తే ఇద్దరి పేరా ఉన్న పొలాన్ని సైతం మరణించినవారి ఆస్తి మీద కేంద్ర ప్రభుత్వం వేసే ఎస్టేట్ పన్ను లెక్కలో పూర్తిగా భర్త ఆస్తిగానే చూసేవారు. కొనుగోలులో తన సొమ్ము ఉందని భార్య రుజువు చూపించవలసి వచ్చేది. రైతు స్త్రీలు దీనిని వితంతు పన్ను అనేవారు. 1981లో వచ్చిన చట్టం భార్యాభర్తల మధ్య సంక్రమించే ఆస్తిని ఆ పన్ను నుంచి తప్పించింది. గుడ్ల డబ్బుకు రసీదు ఎవరు ఇస్తారని ఆమె ఒకసారి అడిగినప్పుడు నాకు జవాబు తోచలేదు.

అదే 1981లో అయోవాలో ఎకరం సగటు ధర 2,147 డాలర్లు ఉండగా, 1986 నాటికి అది 787కు పడిపోయింది. ధర పెరుగుతున్నప్పుడు భూమి మీద అప్పులు చేసినవారు అధిక వడ్డీలకు నలిగిపోయి పొలాలు, ట్రాక్టర్లు వేలానికి పెట్టారు. ఆ వేలాల దగ్గర కాఫీ, శాండ్‌విచ్‌లు అమ్మే బల్ల చర్చి ఆడవాళ్లదే, అందులో ఆమె ఉండేవారు. చిన్నప్పటి నుంచి తెలిసినవారి సామాను పాటకు వెళుతుంటే అక్కడ నిలబడి కాఫీ పోయడం కష్టమనిపించలేదా అని అడిగాను. ఇంటావిడ లోపల ఒంటరిగా కూర్చుంటుంది కాబట్టి, ముందు ఒక కప్పు ఆమెకు ఇచ్చి వచ్చాకే బల్ల దగ్గర నిలబడేవాళ్లమని చెప్పారు. ఆ సంగతి ఆమె అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు.

మా అమ్మాయిని పిల్లలకు పొలం పనులు, పశుపోషణ వంటివి చేయించి నేర్పే 4-హెచ్ క్లబ్బులో చేర్పించింది కూడా ఆమే. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇదే రాష్ట్రంలోని పేజ్ కౌంటీలో జెస్సీ ఫీల్డ్ అనే ఉపాధ్యాయిని నడిపిన మొక్కజొన్న క్లబ్బులు ఈ ఉద్యమానికి తొలి మొలకల్లో ఒకటి. మామ్మగారు మా అమ్మాయికి కోడిని చంకలో ఇమిడ్చి పట్టుకోవడం, రెక్క విప్పి చూపడం, మేత ఖర్చు పుస్తకంలో రాయడం నేర్పారు. కౌంటీ ఫెయిర్‌లో మా కోడికి బహుమతి రాలేదు. పుస్తకం శుభ్రంగా ఉందని మాత్రం న్యాయనిర్ణేత మెచ్చుకున్నారు. మామ్మగారికి అదే ఎక్కువ సంతోషం కలిగించింది.

గురువారాలు ఇదే గదిలో బొంతలు కుట్టేవారు. లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సహాయ సంస్థ ద్వారా శరణార్థులకు వెళ్లే ఆ బొంత 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉండాలి: పైన అతుకుల గుడ్డ, నడుమ దూది పొర, కింద ఒకే గుడ్డ. మూడింటినీ కలిపి లావు దారంతో అక్కడక్కడా ముడులు వేస్తారు. మా నాయనమ్మ పాత చీరలతో బొంత కుట్టేదని చెప్పగానే ఆమె ఒక నూలు చీర తెమ్మన్నారు. అంచును కత్తిరించి పారేయబోతే నా చేయి పట్టుకుని ఆపి, దానిని నాలుగు వైపులా పట్టీగా తిప్పించారు. ఆఖరి ఏడాది వేళ్లు వంగక సూది పట్టలేకపోయినా, వచ్చి దారాలు కత్తిరించి ఇచ్చేవారు.

నిన్న భోజనాలయ్యాక, మా ఇంట్లో మిగిలిపోయిన ఆమె గిన్నెను పులిహోరతో నింపి తెచ్చి, దీనిని ఎవరికి ఇవ్వాలని అడిగాను. పాత్రలు తుడుస్తున్న ఒకావిడ అల్మరా తెరిచి, అదే ఇంటిపేరున్న గిన్నెల పక్కన చోటు చూపించారు. తరువాత గోడకు వేలాడుతున్న అంత్యక్రియల భోజనాల జాబితా అందుకుని మామ్మగారి పేరు కొట్టివేసి, దాని కింద నా పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకున్నారు. పేరుకు ఎదురుగా రాసి ఉన్న పని మాత్రం మార్చలేదు. రెండు ట్రేల లెమన్ బార్లు, అంటే నిమ్మరసంతో చేసే తీపి ముక్కలు. అవి చేయడం నాకు ఇంకా రాదు.