కంప్యూటర్ 'మెమరీ తక్కువైంది' అంటున్నప్పుడు ఏం చూడాలి

విజువల్: గాజువాకలో ఒక ఇల్లు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్. ట్యాలీ తెరిచి ఉంది, వెనకాల క్రోమ్‌లో పద్నాలుగు ట్యాబ్‌లు, ఇంకో పక్క పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు. తెర మధ్యలో చిన్న మెసేజ్ ప్రత్యక్షమైంది.

వాయిస్: "యువర్ కంప్యూటర్ ఈజ్ లో ఆన్ మెమరీ." ఈ మెసేజ్ రాగానే చాలామంది పెళ్లి ఫొటోలు, పాత వీడియోలు డిలీట్ చేయడం మొదలుపెడతారు. ఫోన్‌లో "మెమరీ ఫుల్" అంటే స్టోరేజీ నిండిందని అలవాటైపోయింది మరి. దయచేసి ఆగండి. ఫొటోలు ఉండేది డిస్క్‌లో. కంప్యూటర్ ఇప్పుడు అడుగుతున్నది వేరే జాగా, పని నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్. ముందు తెరిచి ఉన్న పనంతా సేవ్ చేసుకోండి, అవసరం లేనివి మూసేయండి. కారణం తర్వాత వెతుకుదాం.

విజువల్: వంటగట్టు, పైన అటక.

వాయిస్: వంటగట్టు మీద రోజూ వాడేవి ఉంటాయి. పండక్కి మాత్రమే దించే పెద్ద గిన్నెలు అటక ఎక్కుతాయి. ర్యామ్ వంటగట్టు అనుకోండి. సి డ్రైవ్‌లో పేజ్‌ఫైల్ డాట్ సిస్ అని కంటికి కనపడకుండా దాచిన ఫైలు ఒకటి ఉంటుంది, అది అటక. విండోస్ మెమరీని 4 కేబీ ముక్కలుగా చూస్తుంది, వాటినే పేజీలు అంటారు. చాలాసేపు ఎవరూ ముట్టని పేజీలను అటక మీదికి పంపి, అడిగినప్పుడు కిందికి దించుతుంది. తన సామాను ఎక్కడుందో ప్రోగ్రామ్‌కి తెలియనక్కర్లేదు. ఈ ఏర్పాటంతా కలిపి వర్చువల్ మెమరీ.

అటక ఎక్కి దిగడానికి టైము పడుతుంది. ర్యామ్‌తో పోలిస్తే ఎస్ఎస్‌డీ సుమారు వెయ్యి రెట్లు, తిరిగే హార్డ్ డిస్క్ సుమారు లక్ష రెట్లు నెమ్మది. క్యాబినెట్ మీది డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూ, మౌస్ కూడా కదలనని మొండికేస్తుంటే జరుగుతున్నది ఇదే.

విజువల్: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాలి. టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీ.

వాయిస్: అసలు కిటుకు ఇక్కడుంది. పైన మెమరీ 78 శాతం అని ఉంది. ఇంకా ఖాళీ ఉంది కదా, మెసేజ్ ఎందుకొచ్చింది? కింద "కమిటెడ్" అన్నచోట చూడండి: 6.9/7.1 జీబీ. ఏ ప్రోగ్రామ్ మెమరీ అడిగినా విండోస్ ముందు మాట ఇస్తుంది. ఇచ్చిన మాటల మొత్తం మొదటి అంకె. ర్యామ్, పేజ్ ఫైల్ కలిపితే ఎంత మాట ఇవ్వగలదో అది రెండోది. ఈ రెండూ దగ్గరపడ్డప్పుడే ఆ మెసేజ్ వస్తుంది. అందుకే పైనున్న శాతం కన్నా ఈ జంట అంకెలనే నమ్మండి.

ఎవరు ఎక్కువ తీసుకున్నారో తెలియాలంటే డీటెయిల్స్ ట్యాబ్‌లో కాలమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో "కమిట్ సైజ్" టిక్ పెట్టండి. దాని మీద క్లిక్ చేస్తే పెద్దవి పైకొస్తాయి. ఏ పనీ చేయకపోయినా ఒకదాని అంకె గంటగంటకీ పెరుగుతుంటే అది లీకు, అంటే తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోవడం. దాన్ని మూసి మళ్లీ తెరవండి, అప్‌డేట్ ఉంటే వేయండి. మెసేజ్ నిన్న వచ్చి పోయినా, విండోస్ జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో 2004 నంబరు వెతకండి. ఎక్కువ మెమరీ పట్టిన మూడు ప్రోగ్రాముల పేర్లు అందులో రాసి ఉంటాయి.

రీస్టార్ట్ గురించి ఒక మాట. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి మళ్లీ వేసినా విండోస్ లోపలి భాగం, పరికరాలను నడిపే డ్రైవర్లు పాత స్థితిలోనే లేస్తాయి. లీకు డ్రైవర్‌లో ఉంటే అలాగే మిగులుతుంది. "రీస్టార్ట్" నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది.

విజువల్: స్టార్ట్ నొక్కి "అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్" అని టైప్ చేయాలి.

వాయిస్: పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, వర్చువల్ మెమరీ కింద చేంజ్. పైన "ఆటోమేటికల్లీ మేనేజ్" టిక్ ఉంటే ఉండనివ్వండి. అలా వదిలేస్తే పేజ్ ఫైల్ ర్యామ్‌కి మూడు రెట్లు లేదా 4 జీబీ, ఏది ఎక్కువైతే అంతవరకు పెరుగుతుంది, కానీ మామూలుగా ఆ డ్రైవ్‌లో ఎనిమిదో వంతు దాటదు. పెరగడానికి సి డ్రైవ్‌లో ఖాళీ కావాలి. డిస్క్ నిండడం ఈ మెసేజ్‌కి కారణమయ్యేది ఇక్కడొక్కచోటే. అప్పుడు కూడా ఫొటోల జోలికి పోకుండా టెంపరరీ ఫైళ్లు, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి.

ఎవరో "నో పేజింగ్ ఫైల్" పెట్టి ఉంటే అదే తప్పు. తీసేయండి. చేత్తో సైజు ఇవ్వాల్సి వస్తే 4 జీబీ మెషీన్‌కి ఇనిషియల్ 4096, మాక్సిమం 8192 ఇవ్వొచ్చు. అంకెలు ఎంబీల్లో ఉంటాయి. తర్వాత "సెట్" నొక్కడం మర్చిపోవద్దు. అది నొక్కకుండా ఓకే కొడితే పాత లెక్కే ఉంటుంది.

"ర్యామ్ క్లీనర్" యాప్‌లు మాత్రం వద్దు. అవి పేజీలను బలవంతంగా ర్యామ్‌లోంచి గెంటేస్తాయి. శాతం తగ్గినట్టు కనిపిస్తుంది, ఇచ్చిన మాటలు అలాగే ఉంటాయి, కాసేపటికి ఆ పేజీలన్నీ మళ్లీ దిగిరావాలి.

విజువల్: తెరిచిన క్యాబినెట్, ర్యామ్ స్టిక్ అంచున బంగారు రంగు పట్టీ దగ్గరగా.

వాయిస్: విశాఖలో ఇది తప్పకుండా చూడాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల ఏడాది పొడవునా ఉప్పుగాలి. పట్టీ మసకబారితే రెండు స్టిక్‌లలో ఒకటి కంప్యూటర్‌కి కనపడకుండా పోవచ్చు. 8 జీబీ కొన్న మెషీన్ 4 జీబీ చూపిస్తుంటే, టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో "స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2" అని ఉంటే అనుమానించండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకోండి. స్టిక్‌ని అంచులతో పట్టుకుని తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూగు రాలని గుడ్డతో పట్టీ తుడవండి. పూర్తిగా ఆరాక, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా కమిటెడ్ అంకె రోజూ అంచుకొస్తుంటే ర్యామ్ పెంచడమే మార్గం. విండోస్ 11కి కనీసం 4 జీబీ అని ఉన్నా, ట్యాలీ, క్రోమ్, క్లాసు కలిపి నడవాలంటే 8 అవసరం. దుకాణానికి వెళ్లేముందు పాత స్టిక్ ఫొటో తీసుకోండి. డీడీఆర్3, డీడీఆర్4 అనే ర్యామ్ రకాల గాట్లు వేరు, ఒకదాని చోట ఒకటి దిగదు. ల్యాప్‌టాప్ అయితే టాస్క్ మేనేజర్‌లో ఫార్మ్ ఫ్యాక్టర్ చూడండి. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉండే అవకాశం ఎక్కువ. వేరే స్లాట్ ఉందో లేదో అడిగాకే డబ్బు కట్టండి.