మీ కారు – మీ సందేహం: హైబ్రిడ్ బ్యాటరీకి ఓపిక ఎంత మిగిలింది?

యాంకర్: నమస్కారం. హైబ్రిడ్ బ్యాటరీలు బాగుచేసే నిపుణులు మనతో ఉన్నారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండీ. నాది పాత హైబ్రిడ్, నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. ఫోన్లో యాప్ పెట్టి చూస్తే మొత్తం 14 బ్లాకుల్లో 7వ, 8వ బ్లాకులకు ఇంటర్నల్ రెసిస్టెన్స్, అదే లోపల కరెంటుకు తగిలే అడ్డు, 31 మిల్లీ ఓమ్‌లు చూపిస్తోంది. మిగతావన్నీ 21, 22 దగ్గరే ఉన్నాయి. వార్నింగ్ లైటేమీ రాలేదు. బ్యాటరీ పోయినట్టేనా? చూసినప్పట్నుంచీ ఒకటే టెన్షన్.

నిపుణుడు: పోలేదు లెండి. అలాగని వదిలెయ్యకండి. రీడింగ్ తీసినప్పుడు బండి నడుస్తోందా, ఆగి ఉందా?

కాలర్: నడుస్తోంది సార్. మా అబ్బాయి డ్రైవింగ్, నేను పక్కన కూర్చుని చూశాను.

నిపుణుడు: మంచి పని చేశారు. కరెంటు పారితేనే రెసిస్టెన్స్ సంగతి బయటపడుతుంది. బండి ఆగి ఉంటే అన్ని బ్లాకులూ ఇంచుమించు ఒకే వోల్టేజీ చూపిస్తాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారనుకోండి, బ్యాటరీ 100 ఆంపియర్లు ఇస్తోందనుకుందాం. 22 మిల్లీ ఓమ్‌ల బ్లాకులో వోల్టేజీ 2.2 పడిపోతుంది, 31 ఉన్నదాంట్లో 3.1 పడిపోతుంది. ఆ కాసేపట్లో మంచి బ్లాకులో పుట్టే వేడి 220 వాట్లయితే, మీ 7, 8ల్లో చెరో 310. ఆ వేడికి అవి ఇంకా పాడవుతాయి. పాడైన కొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది.

కాలర్: మరి ఆ రెండే ఎందుకలా అయ్యాయి?

నిపుణుడు: ప్యాక్ మధ్యలో ఉన్నాయి కదా. 2004 మోడల్ టొయోటా ప్రియస్ ప్యాక్‌నే తీసుకోండి. 28 మాడ్యూళ్లు, అంటే చిన్న చిన్న బ్యాటరీలు, పక్కపక్కనే బిగించి ఉంటాయి, రెండేసి కలిపి ఒక బ్లాకు. చివర్లో ఉన్నవాటికి ఒక పక్కనైనా చల్లదనం ఉంటుంది. మధ్యవాటికి రెండు పక్కలా వేడే. వెనక సీటు దగ్గర గాలి పీల్చే జాలీ ఉంటుంది, ముందు అది చూడండి. దుమ్ము, కుక్క వెంట్రుకలు చేరి మూసుకుపోయిన ఫ్యాన్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తర్వాత మెకానిక్ చేత మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలు, అదే బస్‌బార్లు, చూపించండి. వాటికి చిలుము పట్టినా యాప్‌లో రెసిస్టెన్స్ ఎక్కువగానే కనిపిస్తుంది. అప్పుడు తప్పు సెల్‌ది కాదు, పట్టీది. శుభ్రం చేసి బిగిస్తే అంకె దిగొస్తుంది.

యాంకర్: తర్వాతి కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. చలికాలం పొద్దున్నే చూస్తే మా బండిలో అన్ని బ్లాకులకూ రీడింగ్ పెరుగుతోంది. మధ్యాహ్నానికి మామూలే.

నిపుణుడు: కంగారేం లేదమ్మా. చలికి బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. అన్నీ కలిసి పెరిగి కలిసి తగ్గితే అది వాతావరణం పనే. నెలనెలా పోల్చుకోవాలంటే బ్యాటరీ ఉష్ణోగ్రత, చార్జ్ ఇంచుమించు ఒకేలా ఉన్నప్పుడే చూసుకోండి.

యాంకర్: మరో కాల్. హలో?

కాలర్: హలో సార్. మా బండికి పీ0ఏ80 కోడ్ వచ్చింది, హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలని చెప్పేది. ఒక్క మాడ్యూల్ మారిస్తే చాలని షాపులో అంటున్నారు. నేనే విప్పి మార్చుకోవచ్చా? వీడియోల్లో ఈజీగానే కనిపిస్తోంది.

నిపుణుడు: వద్దు బాబూ. అది 200 వోల్టులు దాటిన ప్యాక్. నారింజ రంగు కేబుళ్లు ఎక్కడ కనిపిస్తే అక్కడ చెయ్యి పెట్టకూడదు. ప్యాక్ సర్క్యూట్‌ని తెంపే సర్వీస్ ప్లగ్ లాగేసినా మాడ్యూళ్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఇన్వర్టర్‌లో చార్జ్ దాచుకునే కెపాసిటర్లు ఖాళీ కావడానికే 10 నిమిషాలు ఆగాలంటారు. వీడియోలో ఆ పది నిమిషాలు కట్ చేసేస్తారు. ఇక ఒక్క మాడ్యూల్ మార్చడమంటారా, నేనైతే చెయ్యను. మిగతావీ అదే వయసువి. ఇవాళ ఇది, రేపు పక్కది. పైగా రెసిస్టెన్స్ ఒక్కటే చూసి మాడ్యూల్‌ని ఎంచకూడదు. కుండ ఎంత పెద్దదన్నది కెపాసిటీ, మూతి ఎంత ఇరుకన్నది రెసిస్టెన్స్. మూతి బాగానే ఉండి, కుండలో సగం ఇసుక చేరిన మాడ్యూళ్లూ ఉంటాయి. డిశ్చార్జ్ చేసి కొలిస్తేనే అది తెలుస్తుంది. కొలిచిన కాగితం చూపించమని షాపువాళ్లని అడుగు.

యాంకర్: చివరి కాల్, త్వరగా చెప్పాలండీ.

కాలర్: సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ చూశాను సార్. స్కాన్ చేయిస్తే ఒక్క కోడూ లేదు. తీసుకోవచ్చా?

నిపుణుడు: కోడ్ లేదన్నారు సరే, రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి, చూశారా? చాలావాటికి ‘ఇన్‌కంప్లీట్’ అని వస్తే ఈ మధ్యే ఎవరో కోడ్లు చెరిపేసి ఉంటారు. ఎత్తు రోడ్డు మీద గట్టిగా ఎక్కించి, ఆ లోడ్‌లో బ్లాకుల వోల్టేజీల మధ్య తేడా చూడండి. బ్యాటరీ గేజ్ మీదా ఒక కన్నేసి ఉంచండి. కాసేపట్లోనే నిండుగా, మళ్లీ అడుక్కి గెంతుతుంటే ఆ బండి వద్దు.

కాలర్: అమ్మేవాళ్లు ఎత్తు రోడ్డుకి ఒప్పుకోకపోతే?

నిపుణుడు: ఇంకో బండి చూసుకోండి.