మొర్రి పండు నల్లబడేదాకా ఆగితేనే సారపప్పు

నమస్తే. స్క్రీన్ మీద కనిపిస్తున్న పప్పును కాస్త దగ్గరగా చూడండి. కందిగింజంత ఉంటుంది, గోధుమ రంగు మీద సన్నటి మచ్చలు. రంజాన్ వచ్చిందంటే వరంగల్ మండి బజార్‌లో షీర్ ఖుర్మా సామాను కొనేవాళ్లు ఖర్జూరం, పిస్తాతో పాటు దీన్నీ అడుగుతారు. చిరోంజీ అంటారు, మన మాటలో సారపప్పు. ధర చూసి ఇది కాశ్మీర్ సరుకేమో అనుకుంటారు చాలామంది. కాదు. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోని మొర్రి చెట్టు కాయలోదే ఈ పప్పు. ఎండాకాలం మొర్రి పండ్లు తిని గింజ ఉమ్మేసినవాళ్లు మనలో ఎంతమందో. ఆ ఉమ్మేసిన గింజలోనే ఉంటుంది ఇది.

చెట్టును గుర్తుపట్టడం సులువు. బెరడు నల్లగా, మొసలి వీపులా పగుళ్లతో ఉంటుంది. ఆకు మందం, ఈనెలు తిన్నగా సమాన దూరంలో సాగుతాయి. ఇది మామిడి, జీడిమామిడి కుటుంబం. చలికాలం చివర పూత, ఏప్రిల్, మే నెలల్లో పండు.

మరి మొర్రి చెట్టు ఎందుకు తగ్గిపోతోంది? గొడ్డలి ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం తొందర. కాయ పచ్చగా ఉండగానే కొమ్మలు నరికి మరీ దులుపుతున్నారు. నేను ఆగితే పక్కోడు తెంపుకపోతడు అన్న భయం. అందులో న్యాయం లేదని నేను అనను, కడుపు నిండే పని అది. కానీ పచ్చి కాయలో పప్పు నిండదు, నూనె దిగదు, తూకం రాదు. ఆ గింజ భూమిలో పడ్డా మొలవదు. నరికిన కొమ్మకు వచ్చే ఏడు కాపు కూడా ఉండదు.

దీనికి మందు ఊళ్లోనే ఉంది. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, రెండూ ఇలాంటి అడవి ఫలసాయం మీద అక్కడివాళ్లకే హక్కు ఇచ్చాయి. గ్రామసభ కూర్చుని, ఫలానా రోజు దాకా ఎవరూ మొర్రి చెట్టు ముట్టొద్దని తీర్మానం చేసుకోవచ్చు. 2013-14లో కేంద్రం అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం పెట్టినప్పుడు అందులో సార గింజ, అంటే ఈ మొర్రి గింజ కూడా ఉంది. అంటే సరుకుకు విలువ లేక కాదు, ఆగే ఏర్పాటు లేక చెట్టు పోతోంది.

ఇక పెంచే సంగతి. మొక్కలు నాటే కార్యక్రమాల్లో మొర్రి ఎక్కువగా కనబడకపోవడానికి కారణం ఈ గింజ మొండితనం. పెంకు రాయిలా ఉంటుంది. ఊళ్లల్లో పప్పు తీయాలంటే ఇసుర్రాయిలో వేసి తిప్పేది అందుకే. అలాగని దాచిపెట్టి తీరిగ్గా వేద్దామంటే లోపలి మొలక శక్తి తొందరగా పోతుంది. నిరుటి గింజ మీద ఆశ పెట్టుకోకండి.

మేలో కింద రాలిన నల్లటి పండ్లు ఏరండి. నీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి గుజ్జు పోయేదాకా కడగండి. తేలినవి తాలు, పారబోయండి. మునిగినవాటిని నీడలో ఆరబెట్టండి. ఇప్పుడు అసలు పని. గింజను చదునుగా కాదు, అంచు మీద నిలబెట్టి పట్టుకోండి. చిన్న సుత్తితో టక్కుమని ఒక్క దెబ్బ, అదీ మెల్లగా. అతుకు దగ్గర వెంట్రుకంత పగులు కనబడితే చాలు. పప్పుకు దెబ్బ తగిలితే కుళ్లిపోతుంది. ఒక రాత్రి నానబెట్టి వెంటనే విత్తండి. ఓపిక కావాలి, నిజమే, ఇంట్లో పిల్లలుంటే పని తొందరగా అవుతుంది.

చిన్న కవర్లు వద్దు. దీని తల్లివేరు నేరుగా కిందికి దిగుతుంది, అడుగు తగిలితే మెలిక పడుతుంది. పొడవాటి సంచి తీసుకోండి, ఎర్రమట్టిలో ఇసుక బాగా కలపండి. నీళ్లు నిలిస్తే మొలక పోతుంది.

పొలంలో అయితే చెలక నేలలు, మొరం నేలలు నప్పుతాయి. నీళ్లు నిలిచే నల్లరేగడిలో పెట్టకండి. చెట్టుకూ చెట్టుకూ 8 మీటర్లు వదలండి. పక్కన పత్తి ఉంటే గడ్డి మందు కొట్టేటప్పుడు జాగ్రత్త, లేత మొక్క తట్టుకోదు. గింజ మొక్క కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు పట్టొచ్చు. అంత ఆగలేం అంటే అంటు మొక్క పెట్టండి. గుజరాత్‌లోని గోద్రా ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు థార్ ప్రియ అని ఒక రకం విడుదల చేశారు. గట్ల మీద, తోటలో అంటు పెట్టుకోండి. అడవిలోకి మాత్రం అక్కడి చెట్ల గింజే పోవాలి అని నా అభిప్రాయం. ఒకే రకం అంట్లతో అడవి నింపితే అది తోట అవుతుంది.

ఇంకో మాట, అడవి పక్క ఊళ్లవాళ్లకు. నరికిన మొర్రి మొద్దులు చచ్చిపోయాయనుకోకండి. మొదట్లోంచి చిగురు, వేర్ల మీంచి పిలకలు వస్తాయి. వాటిని కాల్చేస్తున్నది విప్పపువ్వు ఏరడానికి పెట్టే నిప్పు, మిగిలినవాటిని మేకలు మేసేస్తున్నాయి. అందుకే ముందుగా కొత్త మొక్కలకు గుంతలు తవ్వకండి. పిలకలున్న మొద్దులు వెతికి, ఫిబ్రవరిలోనే చుట్టూ ఎండుటాకులు ఊడ్చి, ముళ్లకంప వేయండి. ప్రతి మొద్దుకు బలమైన ఒకటి రెండు పిలకలే ఉంచి మిగతావి కోసేయండి.