తెల్లవారుజామున సిగ్నల్ పడిపోతోంది, ఏం చేయాలి?

యాంకర్: భీమవరం దగ్గర్నుంచి ఒక కేబుల్ ఆపరేటర్ లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: ఆయ్, నమస్కారమండీ. 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి 5.8 గిగాహెర్ట్జ్ డిష్‌లతో నెట్ ఇస్తున్నామండి. మధ్యలో అన్నీ రొయ్యల చెరువులే. చలికాలం తెల్లవారుజామున సిగ్నల్ మైనస్ 60 నుంచి మైనస్ 80కి దిగిపోతుంది. పదింటికల్లా దానంతటదే సర్దుకుంటుంది. ఈలోగా కస్టమర్ల ఫోన్లతో ఒకటే టెన్షన్. కేబుళ్లు మార్చాం, డిష్‌లు మళ్లీ బిగించాం. చలికి డిష్‌కున్న రేడియో పరికరం దెబ్బతింటోందంటారా?

నిపుణుడు: చల్లదనం రేడియోకి మేలే చేస్తుందండీ. తేడా గాలి పొరల్లో ఉంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు ఆరేడు డిగ్రీలు తగ్గాలి. మబ్బు, గాలి లేని రాత్రి నేల చల్లబడి, కింది గాలే పైగాలి కంటే చల్లగా అవుతుంది. తేమ కూడా ఆ కింది పొరలోనే ఉండిపోతుంది. అలాంటి గాలిలో తరంగం కాస్త నెమ్మదిగా పోతుంది, దాంతో కిందికి వంగుతుంది. వంపు మామూలప్పుడూ ఉంటుంది, అందుకే డిష్ నుంచి డిష్‌కి వేసే లింక్ లెక్కల్లో భూమి వ్యాసార్థాన్ని 4/3 రెట్లు చేసుకుంటాం. ఈ పొరలు ఏర్పడితే మాత్రం వంపు మితిమీరి, ఒకే సిగ్నల్ రెండు మూడు దారుల్లో వస్తుంది. చెరువు నీటికి తగిలి వచ్చేది ఇంకొకటి. అవి కలిసేచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎండెక్కి గాలి కలిసిపోతే పొర చెదిరిపోతుంది.

కాలర్: పవర్ పెంచితే సరిపోదాండీ?

నిపుణుడు: రెట్టింపు చేసినా పెరిగేది 3 డీబీ, అంటే సిగ్నల్ బలాన్ని కొలిచే డెసిబెల్; మీకు పోతున్నది 20. పైగా లైసెన్స్ అక్కర్లేని మీ 5.8 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనూ పవర్‌కి పరిమితి ఉంది. రేడియో ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి తగ్గించండి. ఒక చివర డిష్‌ని రెండు మూడు మీటర్లు కిందికి దించి చూడండి, నీటి మీంచి వచ్చేదానికి చెట్లో గట్టో అడ్డుపడొచ్చు. ఎదుటి డిష్ మాత్రం నేరుగా కనబడుతూ ఉండాలి. ఇవేవీ పనిచేయకపోతే మధ్యలో ఒక టవర్ పెట్టి రెండు ముక్కలు చేయడమే. ఖర్చే, కానీ నేనైతే అదే చేస్తాను.

ఇంకోటి. సిగ్నల్ బాగుండి నెట్ మాత్రం నెమ్మదిస్తే, ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల సిగ్నల్ మీ దాకా వస్తోందేమో చూడండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయి రాడార్‌కి అరేబియా తీరమే కనబడింది, ఇలాంటి గాలి పొరల వల్లే.

యాంకర్: రామగుండం నుంచి ఇంకో కాల్.

కాలర్: సార్, మాది 6 కిలోమీటర్ల లింకే. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి బంద్ అయితది.

నిపుణుడు: మీది వేరే కథ. గాలి 10 నుంచి 45 డిగ్రీలకు పోయినా, ఆ వేడికి పెరిగే నాయిస్, అంటే సిగ్నల్‌కి అడ్డొచ్చే రొద, అర డీబీయే. కరెంటిచ్చే అడాప్టరే వేడెక్కుతోందేమో, దాన్ని ఎక్కడ పెట్టారు?

కాలర్: రేకుల షెడ్డు మీద, ఇనుప డబ్బాల.

నిపుణుడు: ముందు దాన్ని నీడలోకి, గాలి ఆడేచోటికి మార్చండి. అప్పటికీ ఆగిపోతుంటే అడాప్టర్ మార్చి చూడండి. డిష్ జోలికి పోకండి.