కడప మిద్దె మీద ‘లుక్ ఫార్వర్డ్ టు’

నమస్కారం. డబ్లిన్ నుంచి సెలవు మీద వచ్చి నాలుగు రోజులైంది. మీకు ఇప్పుడు కనిపిస్తున్నది కడపలోని మా అన్నయ్య ఇంటి మిద్దె. ఈ పూట దేవుని కడప గుడి చూపిద్దామనుకున్నాను గాని, మా మేనకోడలు తెచ్చి చూపిన ఒక మెయిలు నన్ను ఇక్కడే కూర్చోబెట్టింది.

డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఆ అమ్మాయి ఇంటర్న్‌షిప్ కోసం రాసుకున్న మెయిలు అది. అందులో ఒకచోట ‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై’ అనీ, చివరన ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అనీ ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ ఇలాగే రాసేదాన్ని, ఎవరూ దిద్దలేదు; తోటివాళ్ల మెయిళ్లు చదివి చదివి నాకై నేను తెలుసుకోవలసి వచ్చింది.

‘ఫర్’ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. అది మన ‘కోసం’. వాన కోసం, బస్సు కోసం, పండగ కోసం, అన్నిటికీ మనం ఎదురుచూస్తాము. ఇంగ్లీషులో బస్సుకైతే ‘వెయిట్ ఫర్’, పండగకైతే ‘లుక్ ఫార్వర్డ్ టు’. మొదటిదానిలో ఉన్నది అది వచ్చేదాకా ఆగడం మాత్రమే. రెండవదానిలో రాబోయేదాన్ని తలచుకుని ఇప్పుడే పొందే సంతోషం ఉంది. అందువల్ల రక్తపరీక్ష ఫలితం ఎలా వస్తుందోనని గుబులుపడుతున్న మనిషి ‘వెయిట్ ఫర్’ అంటాడే గాని ‘లుక్ ఫార్వర్డ్ టు’ అనడు.

ఇక ‘మీట్’ సంగతి. “టు తర్వాత క్రియ అలాగే ఉండాలని బడిలో చెప్పినారు కదా అత్తా?” అని అడిగింది. ‘ఐ వాంట్ టు మీట్ యూ’ అన్నప్పుడు అది నిజమే. ఇక్కడి ‘టు’ మాత్రం మన ‘కు’ విభక్తి వంటిది, దాని వెనుక నామవాచకం రావాలి. అనుమానం వచ్చినప్పుడు క్రియ ఉన్నచోట ‘ఇట్’ పెట్టి చూడమన్నాను: ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలుస్తుంది, ‘వాంట్ టు ఇట్’ నిలవదు. నిలిచినచోట ‘సండే’ అనవచ్చు, ‘యువర్ రిప్లై’ అనవచ్చు, క్రియనే పెట్టాలంటే ‘మీటింగ్’ అనాలి. మనం ‘కలుస్తాను’ను ‘కలవడం’ చేసుకున్నట్టే అది. ‘ఐ యూస్డ్ టు లివ్ ఇన్ కడప’ అంటే ఒకప్పుడు కడపలో ఉండేదాన్నని. ‘ఐ యామ్ యూస్డ్ టు లివింగ్ ఇన్ ద కోల్డ్’ అంటే చలిలో ఉండటం అలవాటైందని. ఈ రెండిటినీ వేరుచేసేదీ ఆ పరీక్షే.

కొత్తవారికి, పై అధికారులకు రాసే మెయిలు చివర ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’ నిండుగా ఉంటుంది. స్నేహితులకైతే ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ’లో చనువు ఎక్కువ.

మా ఊళ్లోనే, ఎర్రముక్కపల్లెలో, సి.పి.బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించాడు; ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. అందులో ఎన్నో మాటలకు అర్థంతోపాటు వాడుక వాక్యాలు కూడా ఇచ్చాడు. మన భాషను ఆయన వాక్యాలలో పట్టుకున్నాడు గనుక, ఆయన భాషను మనమూ వాక్యాలలోనే పట్టుకుందామని, మా ఇంటి సంగతులతోనే పది వాక్యాలు రాయమన్నాను.

సంకటి గురించి, ఉగాది గురించి, సెలవుల గురించి తొమ్మిది రాసింది. పదవదానికి మా జేజి రోజూ అనే మాట తీసుకుంది: “నువ్వెప్పుడొస్తావో అని ఎదురుచూస్తాంటానమ్మా.” దీనికి ఏది రాయాలని అడిగింది. జేజికి ఎనభై దాటింది, మోకాళ్లు సహకరించవు, అయినా నేను వచ్చే రోజున గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకుంటుంది. కాసేపు నేనూ జవాబు చెప్పలేకపోయాను. ఆ అమ్మాయే ఆలోచించి, ముందు ‘వెయిటింగ్ ఫర్ యూ’ అనీ, దాని కింద ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ’ అనీ, రెండూ రాసి ఉంచింది.