సర్జరీనా, గ్రాఫ్టులా? ముందు మీ కణతలు చూసుకోండి

హాయ్ అందరికీ, ఇవాళ హెయిర్‌లైన్, అంటే నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత గురించి మాట్లాడుకుందాం. మన ట్రాన్స్ అమ్మాయిలు బాగా తర్జనభర్జన పడేది ఇక్కడే, నుదురు పెద్దగా ఉంది, జుట్టు వెనక్కి దువ్వితే మొహం మొరటుగా కనపడుతుంది, నుదురు దించే సర్జరీ చేయించుకోవాలా, జుట్టు నాటించుకునే ట్రాన్స్‌ప్లాంటా అని. క్లినిక్‌కి ఫోన్ చేస్తే వాళ్ళు ఏది చేస్తారో అదే బెస్ట్ అంటారు, ఇడ్లీ బండోణ్ణి పట్టుకుని దోశ తిననా అని అడిగితే ఏం చెప్తాడు మరి.

ముందు ఒక పని చేయండి. జుట్టు తడిపి గట్టిగా వెనక్కి లాగి జడేసుకుని లైటు కింద అద్దం ముందు నిలబడండి. టైలర్ టేపుతో కనుబొమ్మల మధ్య నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా కొలవండి. ఆడవాళ్ళకి మామూలుగా 5 నుంచి 6.5 సెంటీమీటర్లు ఉంటది, మీది 7 దాటితే నుదురు నిజంగానే ఎత్తు. కానీ చాలామందికి మధ్యలో అంత తేడా ఉండదు, గొడవంతా కణతల దగ్గర, రెండు పక్కలా జుట్టు లోపలికి పోయి ఇంగ్లీష్ ఎమ్‌లా ఉంటది. ఆడవాళ్ళకి ఆ మూలలు పూడిపోయి గుండ్రంగా ఉంటాయి. నన్నడిగితే ఎత్తు కన్నా ఈ మూలలే మొహాన్ని మార్చేస్తాయి.

ఇదెందుకు చెప్తున్నానంటే, సర్జరీలో హెయిర్‌లైన్ వెంబడి కోసి, మాడుని కింద ఎముక మీద నుంచి వదులు చేసి ముందుకి లాగి, మిగిలిపోయిన నుదురు చర్మం కత్తిరించి కుట్టేస్తారు. రెండు సెంటీమీటర్లు అటూ ఇటూగా దిగుద్ది, అదీ అదే రోజు, ఎదురుచూపుల్లేవు. మధ్యలో బాగా దిగుద్ది కానీ మూలలు పెద్దగా పూడవు, ఎమ్ ఉన్నవాళ్ళకి ఎమ్ అలాగే కిందకొచ్చి కూర్చుంటది అంతే. మాడు వదులుగా కూడా ఉండాలి, తలకి నూనె రాసుకునేటప్పుడు వేళ్ళు ఆనించి ముందుకీ వెనక్కీ కదిపి చూడండి, బిగుసుకుపోయి ఉంటే డాక్టర్ మాత్రం ఎంతని లాగుతాడు.

ఇక మచ్చ. మంచి సర్జన్ ఏటవాలుగా కోస్తాడు, మచ్చలోంచే వెంట్రుకలు మొలిచి కప్పేస్తాయి. అయినా మన చర్మానికి మచ్చ రంగు తేలే ఛాన్స్ ఉంది, చెవులు కుట్టించుకున్న చోట గడ్డలా ఉబ్బిందంటే అది కీలాయిడ్, అంటే మచ్చ గడ్డలా పెరిగిపోయే రకం అయ్యుండొచ్చు, ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. మాడు నెలల తరబడి మొద్దుబారి ఉండొచ్చు కూడా. అన్నిటికన్నా ముఖ్యం, జుట్టు ఇంకా రాలుతూనే ఉంటే హెయిర్‌లైన్ వెనక్కి పోయి మచ్చ నుదుటి మీద గీత గీసినట్టు బయటపడుద్ది.

ట్రాన్స్‌ప్లాంట్ అయితే మూలలు పూడ్చడానికే పుట్టినట్టు ఉంటది. తల వెనక నుంచి కుదుళ్ళతో సహా వెంట్రుకలు తీసి ఒక్కొక్కటిగా నాటతారు, వాటినే గ్రాఫ్టులంటారు, ముందు వరసలో ఒంటి వెంట్రుక గ్రాఫ్టులే పెట్టాలి, లేకపోతే బొమ్మ జుట్టులా కనపడుద్ది. కాకపోతే ఓపిక కావాలి. నాటినవి రెండు నుంచి నాలుగు వారాల్లో రాలిపోతాయి, అప్పుడు చాలామంది డబ్బులు పోయాయని ఏడుస్తారు, ఏడవకండి, కుదుళ్ళు లోపలే ఉంటాయి, మూడు నాలుగు నెలలకి మొలవడం మొదలై ఫుల్ రిజల్ట్‌కి ఏడాది పడుద్ది. గ్రాఫ్టులు ఒక్కొక్కటిగా తీసే పద్ధతి ఎఫ్‌యూఈ, దానికి మామూలుగా వెనక షేవ్ చేస్తారు, కష్టపడి పెంచుకున్న జుట్టు పోతుందని భయముంటే ఎఫ్‌యూటీ అడగండి, అందులో వెనక సన్నటి పట్టీలా చర్మం తీస్తారు, పొడుగు జుట్టు దాన్ని కప్పేస్తది. గుండు కొట్టిస్తే మాత్రం ఆ గీత కనపడుద్ది, తిరుపతి మొక్కున్నవాళ్ళు మూడు కత్తెర్లతో సరిపెట్టుకోండి, స్వామి ఏమీ అనుకోడు. వెనక జుట్టు కూడా అక్షయపాత్ర కాదు, ఒకసారి తీసింది మళ్ళీ అక్కడ మొలవదు.

నా ఓటు ఎక్కువమందికి ట్రాన్స్‌ప్లాంట్‌కే. కానీ కనుబొమ్మల ఎముక కూడా అరగదీయించుకోవాలి అనుకునేవాళ్ళ కథ వేరు, 1980ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఔస్టర్‌హౌట్ అనే సర్జన్ మొదలుపెట్టిన ఫేషియల్ ఫెమినైజేషన్, అంటే మొహాన్ని ఆడవాళ్ళ మొహంలా మార్చే సర్జరీ అంటారే, అది. అది హెయిర్‌లైన్ దగ్గర కోతతో చేయించుకుంటే ఆ కోతలోనే నుదురు కూడా దించేయొచ్చు, తర్వాత కొన్ని నెలలాగి మూలలకీ మచ్చ మీదకీ గ్రాఫ్టులు పెట్టించుకోవచ్చు. తిరగేసి చేస్తే, ముందు నాటించుకున్న గ్రాఫ్టుల మీదే కత్తి పడుద్ది.

రెండిటికన్నా ముందు హార్మోన్లు. డాక్టర్ దగ్గర, మెడికల్ షాపులో అడిగి కాదు. టెస్టోస్టెరాన్ తగ్గితే రాలడం ఆగుద్ది, కొంతమందికి కాస్త మొలుస్తది కూడా, ఎప్పుడో నున్నగా అయిపోయిన చోట మాత్రం రాదు. ఏడాది అలా ఉండి చూస్తే అసలు ఎంత నాటాలో తెలుస్తది.

ఇంకో మాట, హోర్డింగులు చూసి వెళ్ళిపోకండి. నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రూల్స్ పెట్టింది, ట్రాన్స్‌ప్లాంట్ చేసేది ట్రైనింగ్ ఉన్న డాక్టరే అయ్యుండాలని, యూట్యూబ్ చూసి నేర్చుకున్నది ట్రైనింగ్ కింద లెక్క కాదని కూడా రాశారు, నవ్వొస్తది కానీ రాయాల్సొచ్చిందంటే చూడండి. కన్సల్టేషన్‌లో ఒకటే అడగండి, గ్రాఫ్టులు నాటడానికి రంధ్రాలు పెట్టేది మీరా, టెక్నీషియనా? తర్వాత మార్కర్‌తో హెయిర్‌లైన్ గీయించుకోండి. మగవాళ్ళకి గీసీ గీసీ అలవాటైపోయి మూలలు ఖాళీ వదిలేస్తారు చాలామంది. అలా గీస్తే తుడిపించి మళ్ళీ గీయించండి, మొహమాటపడకండి.