గదిలోకి ఎంత గాలి రావాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం పని

[తెరపై: తెరుచుకోని అద్దాల కిటికీలున్న కార్యాలయ భవనం. కెమెరా లోపలికి వెళ్లి, పైకప్పులో గాలి వచ్చే జాలీ దగ్గర ఆగుతుంది.]

కిటికీలు తెరవడానికి వీలులేని భవనంలో రోజంతా కూర్చుని పనిచేసే మనిషికి బయటి గాలి ఎంత అందాలి? ఈ నిర్ణయాన్ని భవనం యజమానికి వదిలేస్తే, గాలిని చల్లబరచడానికి అయ్యే కరెంటు ఖర్చు ఆయన చేతిని వెనక్కి లాగుతుంది. యంత్రాలు అమ్మేవారికి వదిలేస్తే పెద్ద యంత్రమే మేలని చెబుతారు. ప్రతి ఊరి అధికారులూ ఈ లెక్కను మొదటి నుంచి తామే వేయాలంటే, అందుకు కావలసిన ప్రయోగశాలలూ నిపుణులూ అన్నిచోట్లా ఉండరు. ఈ ఖాళీలో పనిచేసే సంస్థ ఒకటి అమెరికాలో నూట ముప్పై ఏళ్లుగా ఉంది. దాని పూర్తి పేరు అమెరికన్ సొసైటీ ఆఫ్ హీటింగ్, రిఫ్రిజిరేటింగ్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ఇంజినీర్స్. ఈ రంగంలో పనిచేసే వారందరూ దాన్ని ఆష్రే అంటారు.

1894లో న్యూయార్క్‌లో వేడి, గాలి మార్పిడి వ్యవస్థల ఇంజినీర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. 1904లో శీతలీకరణ ఇంజినీర్లు తమకంటూ వేరే సంఘం ఏర్పాటు చేసుకున్నారు. ఒకరిది ఆవిరి బాయిలర్ల లోకం, మరొకరిది మంచు ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగుల లోకం. అయితే ఒకే యంత్రం గాలిని చల్లబరచి, తేమ తగ్గించి, శుభ్రపరచి గదిలోకి పంపే రోజులు వచ్చాక ఈ విభజనకు అర్థం లేకపోయింది. 1959లో రెండు సంఘాలూ కలిసిపోయి నేటి ఆష్రే ఏర్పడింది. ఇప్పుడు దీనికి 130కి పైగా దేశాల్లో 50 వేల మందికి పైగా సభ్యులున్నారు.

[తెరపై: ఒక్క అంకె పెద్దదిగా కనిపిస్తుంది. 30.]

సంఘం పని ఏమిటో అర్థం కావాలంటే బయటి గాలికి సంబంధించిన అంకె ఒక్కదాని చరిత్ర చూడటమే మంచి మార్గమని నా అభిప్రాయం. సంఘం పుట్టిన మరుసటి ఏడాది, 1895లో, ఒక్కో మనిషికి నిమిషానికి 30 ఘనపుటడుగుల బయటి గాలి, అంటే సెకనుకు దాదాపు 14 లీటర్లు ఇవ్వాలని సభ్యులు సిఫారసు చేశారు. క్షయ వంటి అంటువ్యాధుల భయం ఆనాటి వైద్యుల మాటల్లో బలంగా ఉండేది, ఆ అంకె వెనుక ఆ భయం కూడా ఉంది. తర్వాత అనేక అమెరికా రాష్ట్రాలు దాన్ని తమ చట్టాల్లో పెట్టుకున్నాయి. 1930ల్లో యాగ్లూ అనే పరిశోధకుడు హార్వర్డ్‌లో చేసిన ప్రయోగాలు ఈ చర్చను మరో దారి పట్టించాయి. గదిలోకి కొత్తగా అడుగుపెట్టిన వ్యక్తికి లోపలివారి శరీర వాసన ఇబ్బంది కలిగించకుండా ఉండాలంటే ఎంత గాలి చాలునో ఆయన కొలిచారు. మనిషికి దక్కే చోటు పెరిగేకొద్దీ కావలసిన గాలి తగ్గుతుందని తేల్చారు. ఈ రకమైన లెక్కలతో అవసరమైన గాలి అంచనా క్రమంగా తగ్గుతూ వచ్చింది.

ఆ తర్వాత 1973 చమురు సంక్షోభం వచ్చింది. బయటి గాలిని లోపలికి తెచ్చిన ప్రతిసారీ దాన్ని వేడిచేయాలి, లేదా చల్లబరచి తేమ పిండాలి, ఆ రెంటికీ ఇంధనం కావాలి. భవనాల ఇంధన వాడకంపై సంఘం తన తొలి ప్రమాణాన్ని 1975లో విడుదల చేసింది. గాలి మార్పిడికి సంబంధించిన 62వ ప్రమాణాన్ని 1981లో సవరించినప్పుడు, పొగ తాగని కార్యాలయాల్లో మనిషికి కనీసం 5 ఘనపుటడుగులు, అంటే సెకనుకు దాదాపు రెండున్నర లీటర్ల గాలి చాలునని రాసింది. తొలి అంకెలో ఇది ఆరో వంతు.

అదే దశకంలో, గట్టిగా బిగించి కట్టిన కొత్త భవనాల్లో పనిచేసేవారికి తలనొప్పి, కళ్ల మంట, గొంతు పొడిబారడం, అలసట వంటి ఫిర్యాదులు పెరిగాయి. భవనం బయటికి వెళితే చాలామందికి తగ్గిపోయేవి. గాలి తక్కువ కావడం ఒక్కటే దానికి కారణం కాదు. చెక్క బోర్డుల జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్, తివాచీల రసాయనాలు, సరిగ్గా నిర్వహించని డక్టులు (గాలిని తీసుకెళ్లే గొట్టాలు) కూడా ఉన్నాయి. అయితే ఈ కాలుష్యాలను పలుచన చేయవలసిన గాలి అక్కడ లేకపోవడం ఇబ్బందిని రెట్టింపు చేసింది. 1989లో సంఘం తన అంకెను సవరించి కనీసం 15 ఘనపుటడుగులకు, కార్యాలయాలకైతే 20కి, అంటే సెకనుకు సుమారు 10 లీటర్లకు పెంచింది. 2004లో పద్ధతినే మార్చి, మనుషుల సంఖ్యకు కొంత, నేల వైశాల్యానికి కొంత అంటూ రెండింటినీ కలిపి లెక్కించమంది. మనుషులే కాక గోడలూ సామాను కూడా గాలిని పాడుచేస్తాయన్న గుర్తింపు ఆ మార్పులో ఉంది.

ఒక శాస్త్రీయ సంస్థ ఒకే ప్రశ్నకు 30, 5, 15 అని మారుతున్న జవాబులు చెప్పిందంటే కొందరికి అది బలహీనతగా తోచవచ్చు. కానీ ప్రతి మార్పూ తేదీతో, కారణంతో, ముసాయిదాతో అచ్చయి ఉంది కాబట్టే ఏ అంకె ఎందుకు తప్పిందో నేడు మనం చూడగలుగుతున్నాం. ఎవరి గదిలోనో గుట్టుగా తీసుకున్న నిర్ణయమైతే ఈ చరిత్ర మనకు మిగిలేది కాదు.

[తెరపై: పొడవైన బల్ల చుట్టూ కూర్చున్న కమిటీ. గోడపై ముసాయిదా పేజీలు.]

ప్రమాణం ఎలా తయారవుతుందో ఇప్పుడు చూద్దాం. ఒక్కో ప్రమాణానికి ఒక కమిటీ ఉంటుంది. అందులో యంత్రాల తయారీదారులు, వాటిని వాడే భవన యజమానులు, డిజైన్ ఇంజినీర్లు, విశ్వవిద్యాలయ పరిశోధకులు, ప్రభుత్వ ఉద్యోగులు ఉంటారు. ఏ ఒక్క వర్గానికీ మెజారిటీ రాకుండా కూర్పు చూస్తారు. వీరికి సంఘం జీతం ఇవ్వదు. ముసాయిదా సిద్ధమయ్యాక ప్రజల పరిశీలనకు పెడతారు. సభ్యులు కానివారు కూడా అభ్యంతరం పంపవచ్చు, ప్రతి అభ్యంతరానికీ కమిటీ లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఒక వాక్యంలో 'తప్పనిసరి' అనాలా 'మంచిది' అనాలా అన్న విషయంపై నెలల తరబడి వాదన నడవడం ఈ కమిటీల్లో మామూలే. ఎందుకంటే మొదటి మాట కోట్ల ఖర్చును నిర్ణయిస్తుంది, రెండో మాటను చాలామంది పక్కన పెట్టేస్తారు.

ఇంత జాగ్రత్త ఉన్నా స్వార్థం లోపలికి రాకుండా ఉండదు. పొగాకు పరిశ్రమ ప్రతినిధులు 62వ ప్రమాణం చర్చల్లో ఏళ్ల తరబడి పాల్గొన్నారని తర్వాత బయటపడిన ఆ కంపెనీల సొంత పత్రాలే చూపాయి. గాలి మార్పిడి బాగుంటే లోపల పొగ తాగడం సమస్య కాదన్న భావన నిలబడటం వారికి లాభం. 1989 ప్రమాణంలోని గాలి లెక్క కొంత మేరకు పొగ తాగడాన్ని దృష్టిలో పెట్టుకున్నదే. చివరికి 2005లో సంఘం తన అధికారిక వైఖరిని స్పష్టంగా ప్రకటించింది: లోపల పొగ తాగడం వల్ల కలిగే ఆరోగ్య ప్రమాదాన్ని పూర్తిగా తొలగించే ఏకైక మార్గం దాన్ని నిషేధించడమే. ఇంజినీర్ల సంఘం ఒకటి తన యంత్రాలు చేయలేని పని ఉందని ఒప్పుకోవడం నాకు ఎంతో గౌరవప్రదంగా కనిపిస్తుంది. అయితే ఆ మాట రావడానికి పట్టిన కాలం మాత్రం ఎక్కువే.

ఇక్కడ తరచూ జరిగే ఒక పొరపాటును తొలగించాలి. ఆష్రే చట్టాలు చేయదు, ఎవరికీ జరిమానా వేయదు. దాని ప్రమాణాన్ని ఒక నగరమో, రాష్ట్రమో, దేశమో తన భవన నిబంధనల్లో చేర్చుకున్నప్పుడు మాత్రమే దానికి చట్టబలం వస్తుంది. అమెరికాలో 1992 నాటి ఇంధన విధాన చట్టం వాణిజ్య భవనాల ఇంధన నిబంధనలకు ఆధారంగా ఈ సంఘం 90.1 ప్రమాణాన్నే పేరు పెట్టి పేర్కొంది. అంటే స్వచ్ఛందంగా కూర్చుని రాసిన పేజీలు అమెరికా చట్టసభ చేసిన చట్టంలోకి నడిచి వెళ్లాయి. ఆ కమిటీల పని ప్రజలకు కనబడేలా ఉండాలని పట్టుబట్టడానికి ఇదే అసలు కారణం.

[తెరపై: రిఫ్రిజిరెంట్ సిలిండర్లు. వాటిపై ఆర్-32, ఆర్-290, ఆర్-717 అన్న గుర్తులు.]

ఏసీ మెకానిక్ చేతిలోని రిఫ్రిజిరెంట్ (చల్లబరచే వాయువు) సిలిండర్ మీద 'ఆర్' అన్న అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ పేర్లనూ, వాటి భద్రతా తరగతులనూ 34వ ప్రమాణం నిర్ణయిస్తుంది. అంకెలో రసాయనం దాగి ఉంటుంది. ఆర్-134ఏ తీసుకుంటే, కుడివైపు 4 ఫ్లోరిన్ పరమాణువుల సంఖ్య, మధ్యలోని 3 హైడ్రోజన్ కంటే ఒకటి ఎక్కువ, ఎడమవైపు 1 కార్బన్ కంటే ఒకటి తక్కువ. అమ్మోనియా వంటి అకర్బన పదార్థాలకు 700 మీద అణుభారం కలుపుతారు కాబట్టి అది ఆర్-717, కార్బన్ డయాక్సైడ్ ఆర్-744 అయ్యాయి. భద్రతా తరగతిలో 'ఏ' అంటే విషప్రభావం తక్కువ, 'బి' అంటే ఎక్కువ. పక్కన 1 ఉంటే మంట వ్యాపించదు, 3 ఉంటే చాలా తేలికగా అంటుకుంటుంది. ప్రొపేన్, అంటే ఆర్-290, ఏ3 తరగతిలో ఉంది.

ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం, భూతాపం తగ్గించడానికి 2016లో దానికి చేసిన కిగాలీ సవరణ పాత వాయువులను తప్పిస్తున్న కొద్దీ, వాటి స్థానంలో వస్తున్న వాటిలో చాలా వాటికి కొద్దిగా మండే గుణం ఉంది. వాటిని ప్రొపేన్‌తో ఒకే గాటన కట్టడం సరికాదు కాబట్టి, మంట చాలా నెమ్మదిగా కదిలే వాటికి 2010లో '2ఎల్' అనే ఉపతరగతి వచ్చింది. ఆర్-32 అందులోదే. ఏ వాయువు ఎంత పరిమాణంలో ఏ గదిలో ఉండవచ్చో చెప్పేది 15వ ప్రమాణం. ఈ రెండు ప్రమాణాలూ చదవకుండా పాత వాయువుకు చేసిన యంత్రంలో కొత్త వాయువు నింపడం ప్రాణాంతకం కావచ్చు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా చాలదు.

సంఘం ప్రచురించే హ్యాండ్‌బుక్ నాలుగు సంపుటాలు. ఏటా ఒకదాన్ని సవరిస్తారు కాబట్టి నాలుగేళ్లకొకసారి మొత్తం పుస్తకం కొత్తదవుతుంది. ప్రపంచవ్యాప్తంగా వేల వాతావరణ కేంద్రాల వివరాలు అందులో ఉంటాయి. ఏసీ సామర్థ్యం నిర్ణయించే ఇంజినీర్ ఏడాదిలోకెల్లా వేడి గంటను లెక్కలోకి తీసుకోడు. ఉదాహరణకు, ఏడాదిలో 0.4 శాతం సమయం మాత్రమే మించే ఉష్ణోగ్రతను తీసుకుంటాడు, అంటే 8,760 గంటల్లో దాదాపు 35 గంటలు. ఆ 35 గంటలు కూడా సరిపోవాలని పెద్ద యంత్రం పెడితే, మిగతా ఏడాదంతా అది కాసేపు నడిచి ఆగిపోతూ, గాలి చల్లబడినా తేమ పిండకుండా వదిలేస్తుంది. గది చల్లగా, జిగటగా ఉంటుంది.

సంఘం పరిశోధనకు డబ్బు కూడా ఇస్తుంది. 1919లో పిట్స్‌బర్గ్‌లో ప్రయోగశాల పెట్టినప్పటి నుంచి ఈ పని నడుస్తోంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది 1990ల్లో డి డియర్, బ్రేగర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన పని. వివిధ దేశాల భవనాల్లో పనిచేసేవారి నుంచి సేకరించిన దాదాపు 21 వేల పరిశీలనలను వారు ఒకచోట చేర్చి చూశారు. కిటికీలు తెరుచుకునే భవనాల్లో ఉండేవారికి హాయి అనిపించే ఉష్ణోగ్రత బయటి వాతావరణంతో పాటు మారుతుందని తేలింది. వారి సూత్రం ప్రకారం బయట సగటు 30 డిగ్రీలుంటే, లోపల దాదాపు 27 డిగ్రీలకు అటూ ఇటూ మూడున్నర డిగ్రీల మేర ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు. 2004లో ఇది ఉష్ణ సౌఖ్యంపై ఉన్న 55వ ప్రమాణంలో చేరింది. దీనితో యంత్రం లేని భవనాన్ని కూడా ప్రమాణం ప్రకారమే హాయిగా ఉన్నదని నిరూపించే దారి ఏర్పడింది. చల్లదనం అమ్మే కంపెనీలూ సభ్యులుగా ఉన్న సంఘం ఇది చేసిందని గుర్తుంచుకోవాలి.

వేగం మాత్రం దీని బలం కాదు. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారిలో తీవ్రమైన న్యుమోనియా వ్యాపించింది. మరుసటి ఏడాదే దానికి కారణమైన లెజియోనెల్లా బ్యాక్టీరియాను గుర్తించారు. కూలింగ్ టవర్లు, నీటి పైపుల వంటి వ్యవస్థల్లో గోరువెచ్చని నీరు దానికి అనువైన చోటు. భవనాల్లో దాన్ని అదుపు చేసే మార్గదర్శకాన్ని సంఘం 2000లో ఇచ్చింది, 188వ ప్రమాణం 2015లో వచ్చింది. ఏకాభిప్రాయం కోసం పట్టే ఇలాంటి ఆలస్యానికి ప్రాణాల రూపంలో మూల్యం ఉంటుంది.

[తెరపై: ఫిల్టర్లు, గాలి ప్రవాహాన్ని చూపే బాణాలు.]

కోవిడ్ సమయంలో సంఘం భిన్నంగా కదిలింది. వైరస్ గాలి ద్వారా వ్యాపించే అవకాశం తగినంత ఉందనీ, దాన్ని అదుపు చేయాలనీ 2020 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికి ఆ మాట ఒప్పుకోలేదు. 2023లో గాలి ద్వారా వ్యాపించే అంటువ్యాధుల నియంత్రణకు 241వ ప్రమాణాన్ని కొన్ని నెలల్లోనే సిద్ధం చేసింది. ఇందులో బయటి గాలి, ఫిల్టర్ గుండా శుభ్రమైన గాలి, అతినీలలోహిత దీపాలతో క్రిములు తొలగిన గాలి మూడింటినీ ఒకే లెక్కలోకి తెచ్చి, ఒక్కో మనిషికి 'సమానమైన శుభ్ర గాలి' ఇంత ఉండాలని చెప్పారు. బయటి గాలి తేవడం ఖరీదైనప్పుడు ఫిల్టర్ తోడవుతుంది కాబట్టి, 1981లో ఇంధనమా ఆరోగ్యమా అన్నట్టు కనిపించిన చిక్కు ఇక్కడ కొంతవరకు విడిపోయింది. అంటువ్యాధి ప్రబలిన రోజుల్లో మాత్రమే ఈ ఎక్కువ మోతాదుకు మారే వీలు భవనంలో ముందే ఉండాలని ఈ ప్రమాణం ఉద్దేశం. ఏ ఊరి బడిలోనైనా, ఆసుపత్రిలోనైనా ఇది అమలు కావాలంటే, అక్కడి భవన నిబంధనలు దీన్ని తమలో చేర్చుకోవాలి. ఆ పని స్థానిక ప్రభుత్వాల చేతిలో ఉంది.